ఆడగలిగి ఉండగానే ఆట మానేయడం: క్రోస్ వెళ్లిపోయాడు, ఇది న్యాయమేనా?

నల్లగుట్ట నంబర్ 4 | 2024 జూలై 6, ఉదయం 6:40

రాత్రంతా నిద్ర పట్టలేదు. యూరో ఫుట్‌బాల్ కప్పు క్వార్టర్‌ఫైనల్‌లో, స్టుట్‌గార్ట్‌లో స్పెయిన్ చేతిలో జర్మనీ ఓడిపోయింది. గెలుపోటములు ఆటలో ఉండేవే, వాటి గురించి కాదు నా బాధ. 89వ నిమిషంలో విర్ట్జ్ స్కోరు సమం చేసినప్పుడు పక్కింటివాళ్లు లేచేలా అరిచాను. 119వ నిమిషంలో మెరీనో ఎగిరి తలతో కొట్టిన బంతి వలలో పడింది. దాంతో జర్మనీ మిడ్‌ఫీల్డర్ టోనీ క్రోస్ ఆట కూడా ముగిసిపోయింది. ఇక ఏ మైదానంలోనూ ఆయన ఆడడు.

వయసు 34 ఏళ్లు. జూన్ 1న వెంబ్లీలో రియల్ మాడ్రిడ్ తరఫున డార్ట్‌మండ్ మీద ఆడిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గుర్తుందా? ఆయన తీసిన కార్నర్‌కే కార్వహాల్ మొదటి గోల్ చేశాడు. అది ఆయనకు ఆరో ఛాంపియన్స్ లీగ్ కప్పు. మూడేళ్ల క్రితం జర్మనీ జట్టుకు సెలవు చెప్పి, మొన్న మార్చిలో తిరిగివచ్చి, ఫ్రాన్స్ మీద ఆట మొదలైన ఏడు సెకన్లకే ఒక్క పాస్‌తో గోల్ చేయించాడు. కాలు విరగలేదు, క్లబ్బు పొమ్మనలేదు, కుర్రాళ్లెవరూ ఆయన చోటు లాక్కోలేదు. అయినా చాలు అనుకున్నాడు.

కాపు మీద ఉన్న చెట్టును కొట్టేసినట్టు అనిపిస్తోంది. ఇంకా రెండేళ్లు హాయిగా ఆడగలిగినవాడు ఎందుకు మానేస్తాడు? అభిమానించినవాళ్లకు ఆ ఆట మీద ఏ హక్కూ లేదా? ఈ వేదికలో ఎన్నో ఏళ్లుగా ఆట చూసినవాళ్లు, ఆడినవాళ్లు ఉన్నారు. నిజంగా అడుగుతున్నాను, చెప్పండి.

గచ్చిబౌలి గ్యాలరీ | 2024 జూలై 6, ఉదయం 8:15

అన్నా, నీ బాధ అర్థమైంది కానీ నేను క్రోస్ పక్షమే. కారణం మన ఊళ్లోనే ఉంది.

2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో, ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో హైదరాబాద్ గెలిచింది. మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి మేం పన్నెండుమందిమి ఒకే గదిలో కూర్చుని చూశాం, చివరి కిక్ తర్వాత ఎవరి నోటా మాట రాలేదు. ఆ ఏడాది ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. రెండేళ్లు తిరిగేసరికి అదే జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. బాలయోగి స్టేడియంలో ఆ పతనాన్ని వారం వారం కళ్లారా చూశాను. పక్క కుర్చీలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతూ వచ్చాయి.

క్లబ్బుకు ఆగిపోయే వీలు లేదు. గెలిచినా ఓడినా మరుసటి సీజన్ ఆడాల్సిందే. మనిషికి ఆ వీలు ఉంది. ఉన్నప్పుడు వాడుకుంటే తప్పేమిటి? పదేళ్లుగా ఒకే మోడల్ తెల్ల బూట్లు వేసుకుని ఆడిన మనిషి, వాటికి మరక అంటకముందే విప్పి పక్కన పెట్టాడు. నాకైతే అది చాలా అందంగా కనిపించింది.

నల్లగుట్ట నంబర్ 4 | 2024 జూలై 6, ఉదయం 8:50

అందం సంగతి సరే. నెల రోజుల్లో ఇది రెండోసారి. జూన్ 6న కోల్‌కతా సాల్ట్ లేక్‌లో సునీల్ ఛేత్రి వీడ్కోలు మ్యాచ్. మన సికింద్రాబాద్‌లో పుట్టినవాడు, దేశం తరఫున 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. ఇప్పటికీ ఆడుతున్నవాళ్లలో ఆయనకంటే ఎక్కువ గోల్స్ ఉన్నది రొనాల్డోకు, మెస్సీకి మాత్రమే. కువైట్ మీద ఒక్క గోల్ కూడా రాలేదు, 0-0. ఆయన ఏడుస్తూ మైదానం చుట్టూ తిరిగాడు. ఏడుస్తున్నాడంటే ఇష్టం చావలేదనే కదా. ఇష్టం ఉంది, కాళ్లలో సత్తువ ఉంది, ఆయన చోట నిలబడగల మరో మనిషి జట్టులో లేడు. ఆ పరిస్థితిలో వెళ్లిపోవడం నాకు మింగుడు పడటం లేదు.

పద్మారావునగర్ ఫిజియో | 2024 జూలై 6, మధ్యాహ్నం 1:30

కాళ్లలో సత్తువ ఉందని టీవీలో చూసి ఎలా చెప్పగలం? నా దగ్గరకు రోజూ ఆటగాళ్లు వస్తారు, అందుకే అడుగుతున్నాను.

మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో దాదాపు 10 నుంచి 12 కిలోమీటర్లు పరుగెత్తుతాడు. అది తిన్నని పరుగు కాదు. ఆగడం, తిరగడం, మళ్లీ దూకడం. ఆ ఆగడం దగ్గరే కీళ్లు అరిగిపోతాయి. మోకాలిలో, చీలమండలో ఎముకల చివర ఉండే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. అందుకే అది ఒకసారి చిరిగితే చర్మంలా, కండరంలా మళ్లీ పూడదు. మనకు కనిపించేది ఆదివారం 90 నిమిషాలు. సోమవారం ఉదయం మంచం దిగేటప్పుడు ఆ కాలు నేల మీద ఎలా ఆనుతుందో మనకు కనిపించదు.

నెదర్లాండ్స్ ఆటగాడు వాన్ బాస్టెన్‌ను తీసుకోండి. ఏడాది ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డి ఓర్ మూడుసార్లు గెలిచాడు. చివరి మ్యాచ్ ఆడేనాటికి 28 ఏళ్లు. 1993 మేలో మార్సెయ్ మీద ఫైనల్. ఆ తర్వాత రెండేళ్లపాటు చీలమండకు ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. చివరికి 1995 ఆగస్టులో మిలాన్ శాన్ సిరో మైదానంలో మామూలు దుస్తుల్లో ఒక చుట్టు నడిచి చేయి ఊపాడు. కపెల్లో లాంటి కఠినమైన కోచ్ బెంచీ దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత ఆ కీలును కదలకుండా బిగించేయాల్సి వచ్చింది.

పోయిన వారం ఒక కుర్రాడు నా దగ్గరకు వచ్చాడు. 24 ఏళ్లు, జిల్లా స్థాయిలో ఆడతాడు. నొప్పి లేదని అన్నాడు. వెళ్లేటప్పుడు మా మెట్లు ఎలా దిగుతున్నాడో చూశాను. గోడ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ రెండు కాళ్లతో దిగాడు. శనివారం మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టింది ఆ కాళ్లతోనే.

బార్కస్ ఎడమకాలు | 2024 జూలై 6, సాయంత్రం 5:05

డాక్టర్ సాబ్ చెప్పింది సత్యం. కానీ నొప్పితోనే ఏళ్ల తరబడి ఆడినవాళ్లను చూసి పెరిగాం మేము. బార్కస్‌లో పిల్లవాడికి నడక వచ్చీ రాకముందే కాలి దగ్గర బంతి ఉంటుంది.

హబీబ్ సాబ్ పోయినేడు ఆగస్టు 15న కన్నుమూశారు. మన హైదరాబాదీయే, కోల్‌కతా అంతా బడే మియా అని పిలుచుకున్న మనిషి. ఉద్యోగాలు ఇస్తామన్నా వద్దని, ఆటనే వృత్తిగా పెట్టుకున్నారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్, ఆ మూడు కోల్‌కతా క్లబ్బులకూ ఆడారు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే, వానకు బురదైన ఆ మైదానంలో మోహన్ బగాన్ 2-2తో నిలిచింది. ఆ రెండింటిలో ఒకటి హబీబ్ సాబ్ గోల్. ఆ తర్వాత కూడా ఏళ్లపాటు ఆడుతూనే ఉన్నారు. ఆయన ఎప్పుడు మానేశారని అడిగితే చాలామందికి తేదీ గుర్తుండదు. ఆడిన రోజులే గుర్తున్నాయి.

ఇంకో మాట. శిఖరం మీద ఉండగా దిగిపోవాలంటే కింద ఇల్లు ఉండాలి. క్రోస్‌కు ఉంది, ముప్ఫైకే మానేసిన కాంటొనాకు ఉంది. చునీ గోస్వామి 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టు కెప్టెన్, 1964 ఆసియా కప్‌లో రజతం. ఆ ఏడాదే అంతర్జాతీయ ఆటకు సెలవు చెప్పారు, 26 ఏళ్లకే. తర్వాత క్రికెట్‌లో బెంగాల్‌కు సారథ్యం వహించి రంజీ ఫైనల్ దాకా తీసుకెళ్లారు. ఆయనకు బ్యాంకు ఉద్యోగం ఉంది, మరో ఆట ఉంది. మా గల్లీ కుర్రాడికి ఏముంది? ఆడినంతకాలమే తిండి. ఫామ్‌లో ఉండగా మానేయడం అనే ఆలోచన కూడా మా దగ్గర ఎవరికీ రాదు భాయ్.

లాలాగూడ పాత గోల్‌కీపర్ | 2024 జూలై 6, రాత్రి 9:20

పిల్లలూ, నాకు 76 ఏళ్లు. టైపు చేయడం నెమ్మది. మా మనవరాలు సాయం చేస్తోంది, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

మీరంతా దూరదేశాల పేర్లు చెబుతున్నారు, మంచిదే. మన అమ్ముగూడ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. తులసీదాస్ బలరాం పుట్టిన ఊరు అది. పోయినేడు ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయారు. మా వీధిలో ఆ వార్త నేను చెబితేనే తెలిసింది.

ఆయన ఆట చూసినప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. మా నాన్న సైకిల్ ముందు కడ్డీ మీద టవల్ చుట్టి నన్ను కూర్చోబెట్టుకుని ఫతే మైదాన్‌కు తీసుకెళ్లారు. ఇప్పుడు దాన్ని లాల్ బహదూర్ స్టేడియం అంటున్నాం. ఎడమ అంచున ఒక సన్నని మనిషి బంతిని ఆపాడు. ఎదుటి డిఫెండర్ దూకుతాడని చూశాడు. అతను దూకలేదు. ఇద్దరూ అలా నిలబడిపోయారు. అంత పెద్ద మైదానంలో చప్పుడు లేదు. అప్పుడు బలరాం భుజం మాత్రం కదిలించారు, కాలు కాదు. డిఫెండర్ అటు ఒరిగాడు. బంతి ఇటు వెళ్లింది. మా నాన్న నా తల మీద గట్టిగా ఒకటి వేశారు, సంతోషం పట్టలేక. ఆ దెబ్బ ఇప్పటికీ గుర్తుంది.

కోచ్ రహీం సాబ్ చెక్కిన ఆటగాడు ఆయన. సికింద్రాబాద్ నుంచి ప్రాక్టీసుకు రావడానికి అద్దె సైకిల్ డబ్బులు కూడా రహీం సాబే ఇచ్చేవారని మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఆ రహీం సాబే సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ తెచ్చిపెట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు బలరాం జట్టులో ఉన్నారు. 1960 రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టారు, పెరూ మీద కొట్టారు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్. 1962 జకార్తా స్వర్ణం. అదే ఏడాది అర్జున అవార్డు.

1963లో ఊపిరితిత్తుల జబ్బు. డాక్టర్లు ఆట వద్దన్నారు. అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు.

అదే ఏడాది జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. ఈ నగరానికి 1963 ఎలాంటి సంవత్సరమో ఒక్కసారి ఆలోచించండి. గురువు మట్టిలో కలిశాడు, శిష్యుడు మైదానం బయట కూర్చున్నాడు. ఆ తర్వాత అరవై ఏళ్లు బతికారు బలరాం. అంటే ఆడిన కాలానికి ఎన్నో రెట్ల కాలం గీత బయటి నుంచే ఆట చూశారు.

నల్లగుట్ట తమ్ముడూ, నువ్వు కాపు మీద ఉన్న చెట్టును కొట్టేసినట్టు అన్నావు. ఆ మాట బలరాంకు సరిపోతుంది. ఆయనకు జరిగింది అదే, గొడ్డలి వేరేవారిది. క్రోస్ తన చేతులతో కాయలు కోసి, బుట్ట నింపుకుని, ఇంటికి వెళ్లాడు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకు.

సఫిల్‌గూడ మిడ్‌ఫీల్డ్ | 2024 జూలై 6, రాత్రి 11:45

పెద్దాయన గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాలనిపిస్తోంది.

నేను విశ్వవిద్యాలయం జట్టుకు మూడేళ్లు ఆడాను. చివరి ఏడాది నా ఆట ఎప్పుడూ లేనంత బాగుంది. బంతి నా దగ్గరకు రాకముందే ఎవరెక్కడ ఉన్నారో తెలిసిపోయేది. జోనల్ పోటీల చివరి మ్యాచ్‌లో పెనాల్టీ పెట్టె బయటి నుంచి కొట్టాను, పై మూలకు వెళ్లింది. ఆడపిల్లలందరూ నా మీద పడ్డారు. వాళ్ల బరువు కింద పడుకుని ఉన్నప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే. రాత్రికి హాస్టల్ భోజనశాల తలుపులు మూసేస్తారేమో. అంతే. గోల్ కొట్టిన సంతోషం ఎక్కడా లేదు. వెతికాను, లేదు.

ఇంటికి వచ్చాక మానేశాను. కోచ్ మా నాన్నకు ఫోన్ చేశారు. పెళ్లి కుదిర్చారా అని అడిగారు. దెబ్బ తగిలిందా అని అడిగారు. రెండూ కావని నాన్న చెబితే ఆయన నమ్మలేదు. ఆడపిల్ల ఆట మానేస్తే జనం వెతికే కారణాలు ఆ రెండే.

కాంటొనా 1997లో లీగ్ గెలిచిన కెప్టెన్‌గా ఉండి, ముప్ఫై ఒకటి నిండకముందే మానేశాడు. మాంచెస్టర్ యునైటెడ్‌కు ఐదు సీజన్లలో నాలుగు టైటిళ్లు తెచ్చిన మనిషి. జర్మనీ ఆటగాడు షూర్లే 2014 ప్రపంచకప్ ఫైనల్‌లో గోట్జె గెలుపు గోల్‌కు పాస్ ఇచ్చినవాడు, 29 ఏళ్లకే ఆపేశాడు. వాళ్లలో ఏం జరిగిందో వాళ్లకే తెలుసు. కాలు బాగున్నా లోపల ఆకలి పోవచ్చు. అది బయటి మనిషికి చూపించడానికి ఎక్స్‌రే లేదు.

నేను ఏడాదిన్నర బంతి ముట్టుకోలేదు. ఇప్పుడు చూడటం మాత్రం చాలా ఇష్టం.

నల్లగుట్ట నంబర్ 4 | 2024 జూలై 7, ఉదయం 5:55

అక్కా, మీ మాటలు చదివాక నేను కూడా దాచకూడదు అనిపించింది.

ఈ చర్చ మొదలుపెట్టింది క్రోస్ కోసమే అనుకున్నాను. కాదు. మా తమ్ముడు పోయిన నెల ఆట మానేశాడు. 23 ఏళ్లు. నగర లీగ్‌లో ఆడతాడు, వాడి జట్టు ఈసారి గెలిచింది, ఫైనల్‌లో గోల్ వాడిదే. నేను కూడా ఆడాను కానీ నేను డిఫెండర్‌ను, మామూలు ఆటగాడిని. వాడు నాలా కాదు. వాడికి పన్నెండేళ్లప్పుడే జింఖానాలో పెద్దవాళ్లు ఆట ఆపి చూసేవారు. నా జీతంలోంచి వాడికి తోలు బూట్లు కొనిచ్చాను. మా ఇంట్లో నేను మానేసిందే వాడు ఆడాలని.

ఫైనల్ అయిన నాలుగో రోజు అన్నం తింటూ, అన్నా, ఇక ఆడను అన్నాడు. ఉద్యోగం వచ్చిందా అంటే లేదు. కొట్లాట జరిగిందా అంటే లేదు. పప్పు కలుపుకుంటూ మామూలుగా చెప్పాడు. నేను పళ్లెం వదిలి లేచాను. అప్పటినుంచి మా మధ్య మాటలు సరిగ్గా లేవు. ఆ బూట్లు మెట్ల కింద అరలో అలాగే ఉన్నాయి, ఫైనల్ నాటి బురదతో.

మొన్న రాత్రి క్రోస్ తల వంచుకుని నడుస్తుంటే నాకు వాడే కనిపించాడు.

బార్కస్ ఎడమకాలు | 2024 జూలై 7, ఉదయం 7:30

భాయ్, నిన్న నేను రాసిన దాంట్లో ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. కింద ఇల్లు లేనివాడికి ఆ ఆలోచనే రాదన్నాను. మీ తమ్ముడికి వచ్చింది. ఉద్యోగం లేకుండా, ఏ ఆసరా లేకుండా ఆ మాట అన్నాడంటే ఎంత కాలం లోపల మోశాడో.

కానీ ఒక విషయం అడుగు. నగర లీగ్‌లో ఎంత బాగా ఆడినా ముందుకు తీసుకెళ్లే దారి వాడికి కనిపించిందా? మా కాలంలో పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లు ఉండేవి. మంచి సీజన్ ఆడితే ఎవరో ఒకరు వచ్చి పేరు రాసుకునేవారు. ఇప్పుడు ఫైనల్‌లో గోల్ కొట్టిన కుర్రాడికి దక్కేది ఒక షీల్డు, భుజం మీద ఒక తట్టు. అది శిఖరం అని మనం అంటున్నాం, వాడికి అది గోడలా కనిపించి ఉండవచ్చు.

పద్మారావునగర్ ఫిజియో | 2024 జూలై 7, ఉదయం 10:10

నా వృత్తి ప్రశ్న ఒకటే. మెట్లు ఎలా దిగుతున్నాడో చూడండి. అడగవద్దు, చూడండి. తేడా ఉంటే నా దగ్గరకు తీసుకురండి, ఫీజు గురించి ఆలోచించవద్దు.

గచ్చిబౌలి గ్యాలరీ | 2024 జూలై 7, మధ్యాహ్నం 12:25

అన్నా, నువ్వు కోపంగా ఉన్నది తమ్ముడు మానేసినందుకా, నిన్ను అడగకుండా మానేసినందుకా? తప్పుగా అనుకోవద్దు. మా నాన్న కూడా నా చదువు విషయంలో ఇలాగే ఏడాది మాట్లాడలేదు. ఆయనకు బాధ కలిగించింది నా నిర్ణయం కాదు, అది ఆయనకు చివర తెలియడం.

నల్లగుట్ట నంబర్ 4 | 2024 జూలై 7, మధ్యాహ్నం 1:00

అడగకుండా మానేసినందుకే. రాస్తుంటే చేయి ఆగిపోతోంది, కానీ అదే నిజం.

లాలాగూడ పాత గోల్‌కీపర్ | 2024 జూలై 7, రాత్రి 8:40

తమ్ముడూ, నా కథ చెబుతాను, విను. నేను 41 ఏళ్లదాకా గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డాను. 35కే మానేయమని మా ఆవిడ అంది. నేను వినలేదు. చివరి మూడేళ్లు బంతి నాకు ఆలస్యంగా కనిపించేది. చేతులు వెళ్లేవి, బంతి అప్పటికే దాటిపోయేది. జట్టులో కుర్రాళ్లు నన్ను ఏమీ అనేవారు కాదు. గౌరవంగా ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం ఎంత బరువో ఆడినవాడికే తెలుస్తుంది. ఒక మ్యాచ్‌లో తేలికగా దొర్లుతూ వచ్చిన బంతి నా చేతుల కిందనుంచి పోయింది. మా ఫుల్‌బ్యాక్, నాకు కొడుకు వయసువాడు, దాన్ని వలలోంచి తీసి, నా వైపు చూడకుండా సెంటర్‌కు తన్నాడు. ఆ రోజే బూట్లు విప్పాను. ఆరేళ్లు ఆలస్యంగా.

మా ఊరివాళ్లకు నేను గుర్తున్నది ఆ చివరి మూడేళ్ల గోల్‌కీపర్‌గానే. అంతకు ముందు ఇరవై ఏళ్లు బాగా ఆడానని చెప్పడానికి చూసినవాళ్లు మిగల్లేదు.

ఇంకొకటి. ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ 2006 ప్రపంచకప్‌కు ముందే ఇదే చివరిదని చెప్పి వచ్చాడు. బెర్లిన్ ఫైనల్‌లో ఏడో నిమిషంలో పెనాల్టీని అలా మెత్తగా పైకి లేపి గోల్ చేశాడు, 110వ నిమిషంలో ఎదుటి ఆటగాడిని తలతో గుద్ది ఎర్రకార్డుతో వెళ్లిపోయాడు. టోర్నీ ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా ఆయనకే. కప్పు పక్కనుంచి తల వంచుకుని నడిచిన ఆ ఫోటో మీరందరూ చూసే ఉంటారు. తేదీ మనమే ఎంచుకున్నా ఆ రోజు ఎలా ముగుస్తుందో మన చేతిలో ఉండదు. మీ తమ్ముడికి చివరి మ్యాచ్‌లో గోల్ దక్కింది. కప్పు దక్కింది. అది చిన్న సంగతి కాదు.

వాడితో కూర్చుని అన్నం తిను. ఆట మాట ఎత్తకు.

సఫిల్‌గూడ మిడ్‌ఫీల్డ్ | 2024 జూలై 7, రాత్రి 9:15

పెద్దాయన గారు చెప్పినట్టే చేయండి. నాకు ఆ రోజుల్లో కావాల్సింది అదే. ఎందుకు మానేశావని అడగనివాళ్లు ఇంట్లో ఒక్కరైనా ఉండాలని ఉండేది. మా అమ్మమ్మ ఒక్కతే అడగలేదు. ఆమెకు ఆట అంటే ఏమిటో తెలియదు. రోజూ సాయంత్రం ఆడే వేళకు మాత్రం నన్ను పిలిచి పూలు కట్టమనేది.

నల్లగుట్ట నంబర్ 4 | 2024 జూలై 21, రాత్రి 10:05

రెండు వారాలు కనిపించనందుకు ఏమీ అనుకోవద్దు. మెట్లు బాగానే దిగుతున్నాడు, డాక్టర్ గారూ. మాట్లాడుకుంటున్నాం. ఆట గురించి తప్ప అన్నీ.

గచ్చిబౌలి గ్యాలరీ | 2025 మార్చి 20, ఉదయం 7:45

పాత చర్చను మళ్లీ పైకి తెస్తున్నాను, కారణం మీ అందరికీ తెలుసు. నిన్న షిల్లాంగ్‌లో ఛేత్రి తిరిగి వచ్చాడు. మాల్దీవుల మీద 3-0. మూడోది ఆయనదే, తలతో. 95వ గోల్, 40 ఏళ్ల వయసులో. 2024 అంతా భారత జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, ఈయన వచ్చిన రోజే గెలిచింది. మళ్లీ రమ్మన్న కోచ్ మనోలో మార్కెజ్, 2022లో మనకు కప్పు తెచ్చిన మనోలోనే.

నేను గందరగోళంలో ఉన్నాను. అప్పుడు వెళ్లిపోవడమే అందం అన్నాను. నిన్న ఆ హెడర్ చూసి లేచి గెంతాను. ఇప్పుడు ఏమనాలి?

బార్కస్ ఎడమకాలు | 2025 మార్చి 20, ఉదయం 8:30

సంతోషమూ ఉంది, దిగులూ ఉంది. తొమ్మిది నెలల్లో ఆ చోటికి మరొకరు దొరకలేదంటే దేశం ఎక్కడ ఉన్నట్టు? 40 ఏళ్ల మనిషిని ఇంటి నుంచి పిలిపించుకున్నాం. ఆయన వచ్చాడు, అది ఆయన గొప్పతనం. బార్కస్‌లో ఈ రోజు సాయంత్రం కూడా అరవైమంది పిల్లలు ఆడతారు. వాళ్ల పేరు రాసుకోవడానికి ఎవరైనా వస్తారా?

సఫిల్‌గూడ మిడ్‌ఫీల్డ్ | 2025 మార్చి 20, ఉదయం 9:10

వెళ్లడం ఆయన ఇష్టం, రావడమూ ఆయన ఇష్టం. క్రోస్ కూడా జర్మనీకి అలాగే ఒకసారి వెళ్లి వచ్చినవాడే కదా. నల్లగుట్ట అన్నయ్యా, మీ ఇంట్లో మ్యాచ్ చూశారా?

నల్లగుట్ట నంబర్ 4 | 2025 మార్చి 20, రాత్రి 9:30

చూశాం. ఇద్దరం కలిసే. తొమ్మిది నెలల తర్వాత వాడు నా పక్కన కూర్చుని మ్యాచ్ చూడటం ఇదే మొదటిసారి. నేనేమీ అనలేదు, పెద్దాయన గారి మాట గుర్తు పెట్టుకున్నాను. ఆ బంతి గాల్లో వస్తున్నప్పుడు వాడి కుడిభుజం నా భుజానికి తగిలింది. ఛేత్రి ఎగరడానికి ఒక క్షణం ముందే వీడు కుర్చీలో ఎగిరాడు. గోల్ అయ్యాక లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు.

వాడు మళ్లీ ఆడతాడని అనడం లేదు. ఆడకపోయినా ఇప్పుడు నాకు కోపం లేదు. ఈ రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మాత్రం మెట్ల కింద అర ఖాళీగా ఉంది. మేడ మీద పిట్టగోడకు ఆ బూట్లు ఆరబెట్టి ఉన్నాయి, కడిగి. బురద పూర్తిగా పోలేదు, తోలు బిరుసెక్కింది. అమ్మ కడిగిందా అని అడిగితే తాను కాదంది. పెద్దాయన గారూ, బాగున్నారా?

లాలాగూడ పాత గోల్‌కీపర్ | 2025 మార్చి 20, రాత్రి 10:15

బాగున్నాను తమ్ముడూ. బూట్లను ఎండలో ఉంచవద్దు, తోలు పగులుతుంది. లోపల పాత పేపర్లు కుక్కి నీడలో పెట్టు. రెండు రోజులయ్యాక కొబ్బరినూనె రెండు చుక్కలు గుడ్డకు అద్ది, కుట్ల దగ్గర నెమ్మదిగా రుద్దాలి. నువ్వు రుద్దకు. నూనె సీసా పక్కన పెట్టి వచ్చేయి.